ఆదివారం గడి

ఆ బడికి మూడంతస్తులు, డెబ్భై రెండు మెట్లు. అక్కణ్ణించి మేడ మీదికి ఇంకో ఇరవై రెండు. మొత్తం తొంభై నాలుగు. ఈ లెక్క ల్యాబ్ అక్కకి ఎవరూ చెప్పలేదు, మోకాళ్ళే చెప్పాయి.

పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఆమె మేడ మీద ఉండాలి. అక్కడ నీళ్ళ ట్యాంకుకి దూరంగా, నాలుగు ఇటుకల మధ్య ఒక రేకు డబ్బా ఉంది. డబ్బా నోట్లో గరాటు, గరాటు కింద సీసా. వాన పడితే నీళ్ళు సీసాలోకి దిగుతాయి. ఆ నీళ్ళని కొలజాడీలో పోసి, కంటికి సమానంగా ఎత్తి పట్టుకుని, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, రిజిస్టరులో ఆ రోజు గడిలో రాయాలి. వాన లేకపోతే సున్నా. ఎండాకాలమంతా సున్నాలే. సున్నా రాయడానికి తొంభై నాలుగు మెట్లెక్కే మనిషి లోకంలో తనొక్కతే అయ్యుంటుందని ఆమెకి అప్పుడప్పుడు నవ్వొచ్చేది, నవ్వడానికి ఊపిరి మిగిలితే.

ఆమె ఆ బడిలో చేరినప్పుడు వయసు ఇరవై ఏడు. చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. అమ్మ మంచం పట్టింది, కింద చెల్లెలుంది, పొయ్యి దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. అలా నిలబడ్డ మనిషి మళ్ళీ బడిలో అడుగు పెట్టింది పరీక్షనాళికలు కడగడానికే. ఆ రోజుల్లో సైన్సు చెప్పే పెద్ద మాస్టారు ఆమె చేత డబ్బా పెట్టించి, జాడీ చూడటం నేర్పారు. "నీళ్ళ మధ్యలో చిన్న గుంట పడుతుంది చూడమ్మా. ఆ గుంట అడుగు చూడాలి, అంచు కాదు," అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదు. ఖాళీలున్న రిజిస్టరు చిల్లులు పడ్డ గొడుగుతో సమానం."

రెండేళ్ళు తిరక్కుండానే ఆయన ఉద్యోగం ముగించుకుని వేరే ఊరు వెళ్ళిపోయారు. తర్వాత ముగ్గురు హెడ్మాస్టర్లు మారారు, సైన్సు టీచర్లు నలుగురు మారారు. డబ్బా చూడమని ఎవరూ చెప్పలేదు, మానెయ్యమనీ చెప్పలేదు. రిజిస్టరు నిండినప్పుడల్లా ఆమె ఆఫీసు గదికి వెళ్ళి కొత్తది అడిగేది. "ఏంటక్కా, మబ్బులకి హాజరు వేస్తున్నావా?" అని గుమాస్తా నవ్వుతూనే ఇచ్చేవాడు. అలా పంతొమ్మిదేళ్ళలో ఏడు రిజిస్టర్లు ల్యాబ్ బీరువాలో, విరిగిన త్రాసు పక్కన చేరాయి.

ఆ ఏడాది బడికి ఒక కాగితం వచ్చింది. నగరంలో ఒక పెద్ద సైన్సు బడి ఉందట. పదో తరగతి అయ్యాక పిల్లల్ని ఎంచి తీసుకుంటారట. చదువూ, ఉండటం, తిండీ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కాకపోతే దరఖాస్తుతో పాటు ఒక ఉత్తరం జతచెయ్యాలి. ఏదైనా పరిశోధన జరిగే చోట, ఈ విద్యార్థిని సెలవుల్లో ఆరు వారాలు పనిలోకి తీసుకుంటామని ఒక శాస్త్రవేత్త సంతకం చేసి ఇవ్వాలి. నెలాఖరు గడువు.

ఐదుగురు పిల్లలు ముందుకొచ్చారు. నలుగురికి ఎవరో ఒకరున్నారు. ఒకరికి మేనమామ, ఒకరికి నాన్నగారి స్నేహితుడు. ఎవరూ లేనిదల్లా కళ్ళజోడు పిల్ల. ముఖం మూరెడు, జోడు బారెడు అని తోటి పిల్లలు పెట్టిన పేరది. తండ్రి సరుకుల వ్యాను నడుపుతాడు. పిల్ల నోట్లోంచి మాట రావడం తక్కువ, చేతిలోంచి నోటు పుస్తకం జారడం ఇంకా తక్కువ.

సైన్సు మేడం మంచిదే. చిన్న వయసు, గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని నలభై రెండు మంది శాస్త్రవేత్తలకి మెయిళ్ళు పెట్టింది. ల్యాబ్ అక్క పక్కన నిలబడి చూసింది. ఆఖరిది పంపిన నిమిషానికే ఒక జవాబు వచ్చి పడింది.

"వచ్చింది అక్కా, వచ్చింది!" మేడం కుర్చీలోంచి సగం లేచింది.

"ఎంత మర్యాదస్తుడమ్మా! నిమిషంలో రాశాడు."

మేడం చదివి మెల్లగా కూర్చుంది. "ఊళ్ళో లేడట. వచ్చే నెల వస్తాడట. ఇది ఆయన రాసింది కాదక్కా, కంప్యూటరే రాసి పంపింది."

"పోనీలెండి, కంప్యూటరన్నా పలికింది," అంది ల్యాబ్ అక్క.

మిగతా నలభై ఒక్క మందిలో ఇద్దరు పలికారు. ఒకరు బడి పిల్లల్ని తీసుకోవడం కుదరదన్నారు, ఇంకొకరు తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత అంటే ఎప్పుడో రాయలేదు.

ఇలా లాభం లేదు, మనిషే వెళ్ళి అడగాలన్నారు హెడ్మాస్టరు. మేడంకి మధ్యాహ్నం క్లాసులున్నాయి. తండ్రికి వ్యాను వదిలి రావడం కుదరదు. అందరి చూపులూ తిరిగి తిరిగి ఒకచోట ఆగాయి.

"మధ్యాహ్నం పూట నువ్వు తోడు వెళ్ళు అక్కా. నీకు పనేముంది?" అన్నారాయన.

నూట అరవై పరీక్షనాళికలు తొట్టిలో నానుతున్నాయని ఆమె చెప్పలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, సంచీ అందుకుంది.

మూడు మధ్యాహ్నాలు కాళ్ళరిగేలా తిరిగారు. బస్సు ఎక్కడం, బస్సు దిగడం, గేటు ముందు నిలబడటం. మొదటి గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని, "ఎవరిని కలవాలి?" అన్నాడు.

"పరిశోధన చేసేవాళ్ళని."

"ఇక్కడ అందరూ అదే చేస్తారమ్మా. పేరు చెప్పాలి."

పేరు తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తాం అనబోయి, ఆమె కళ్ళజోడు పిల్ల ముఖం చూసి ఊరుకుంది. రెండో చోట ఒక పెద్దాయన గుమ్మంలోంచే, "పదో తరగతా? పీజీ పిల్లలకే నా దగ్గర బల్లలు చాలట్లేదు," అని లోపలికి వెళ్ళిపోయాడు. మూడో చోట కూర్చోమన్నారు, ఫ్యాను వేశారు, నీళ్ళిచ్చారు. మీ నాన్నగారు ఏం చేస్తారు అనడిగారు. పిల్ల చెప్పింది. "ఓహో," అని, ఒక రంగుల కరపత్రం చేతిలో పెట్టి పంపించారు. వచ్చే బస్సులో పిల్ల ఆ కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

మూడో రోజు ఒక మందుల పరిశోధన సంస్థ వరండాలో కూర్చున్నారు. లోపలి నుంచి పిలుపు వస్తుందేమోనని గంటన్నర చూశారు. ఎదురుగా తెరిచి ఉన్న గదిలో తనలాంటి మనిషే, బడిలో తను వేసుకునేలాంటి నీలం కోటే వేసుకుని, గాజు కుప్పెలు కడుగుతోంది. ల్యాబ్ అక్క చూపు ఆ చేతుల మీదే ఉంది. బ్రష్షు తిప్పే తీరు, ఆఖర్న వెలుతురుకేసి ఎత్తి చూసే తీరు, అన్నీ తనవే. కడుగుతున్న మనిషి కూడా తలెత్తి చూసింది. చేతులు దులుపుకుంటూ బయటికొచ్చింది.

"ఏ బడి మీది?"

ల్యాబ్ అక్క చెప్పింది.

"ఇక్కడ కూర్చుని లాభం లేదక్కా. ఆయన వెనక తలుపులోంచి వెళ్ళిపోయి గంటైంది. నీళ్ళ ఆఫీసుకి వెళ్ళు. అక్కడ వానల మేడం అని ఉంటుంది. మనిషి గట్టిపిండం, కానీ ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా వింటుంది. మా మరిది అక్కడే అటెండరు. నా పేరు చెప్పండి, గేటు దాటిస్తాడు."

నలభై రెండు మెయిళ్ళు తెరవని తలుపు ఆ ఒక్క మాటతో తెరుచుకుంది.

వానల మేడం గదిలో గోడల నిండా పటాలే. యాభై ఏళ్ళు దాటిన మనిషి, నెరిసిన కురచ జుట్టు, చెవి వెనక పెన్సిలు. ఇద్దర్నీ కూర్చోబెట్టి, తండ్రి సంగతి అడగలేదు, మార్కులు అడగలేదు. "నీకేం తెలుసుకోవాలనుందమ్మా?" అంది.

ఈ మాట అడిగినవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ లేరు. పిల్ల ఒకసారి ల్యాబ్ అక్క వైపు చూసి, గొంతు సవరించుకుంది.

"మా వీధిలో నీళ్ళెందుకు నిలుస్తాయో తెలుసుకోవాలండీ. పక్క వీధి మాకంటే పల్లంలో ఉంది. అయినా అక్కడ నిలవవు."

నోటు పుస్తకం తెరిచింది. రెండేళ్ళుగా వాన పడ్డప్పుడల్లా ఇంటి గోడ మీద నీళ్ళెంత వరకు వచ్చాయో సుద్దతో గీత గీసి, నేల నుంచి గీత దాకా స్కేలుతో కొలిచి రాసుకుంది. మేడం పుస్తకం తన వైపు తిప్పుకుంది.

"నీళ్ళు ఎంత నిలిచాయో ఉంది. వాన ఎంత పడిందో?"

"అది ల్యాబ్ అక్క రాస్తుందండీ. రోజూ. పంతొమ్మిదేళ్ళ నుంచి."

చెవి వెనక పెన్సిలు చేతిలోకొచ్చింది. "పంతొమ్మిదేళ్ళా? మీ వైపు మాకు ఒక్క వాన డబ్బా కూడా లేదు. ఉన్నది విమానాశ్రయం దగ్గర, ఎక్కడో అవతల. మధ్యలో ఖాళీలెన్ని ఉన్నాయి?"

"ఒక్కటి కూడా లేదండీ," అంది పిల్ల. ఆ గొంతులో అంత గర్వం ల్యాబ్ అక్క ఎప్పుడూ వినలేదు.

మేడం ఆమె వైపు తిరిగింది. "నిజమేనా?"

ల్యాబ్ అక్క తల ఊపింది. ఖాళీలు లేవన్న మాట నిజమే. ఎందుకు లేవో మాత్రం మేడం అడగలేదు, ఆమె చెప్పలేదు.

గురువారం రిజిస్టర్లన్నీ తీసుకురమ్మని, ఈలోగా ఒక రెండేళ్ళవి కంప్యూటర్లో ఎక్కించమని పిల్లకి చెప్పింది మేడం. చూసి, బాగుంటే ఆ రోజే ఉత్తరం ఇస్తానంది. తిరిగొచ్చేటప్పుడు పిల్ల బస్సులో నోరు తెరిస్తే మూయలేదు. ల్యాబ్ అక్క కిటికీ చువ్వ పట్టుకుని ఊఁ కొడుతూ కూర్చుంది.

బుధవారం మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేరు. ఆమె తొట్టి దగ్గర ఉంది. పిల్ల ఆఫీసు గది నుంచి వచ్చి, రిజిస్టరు బల్ల మీద పెట్టి నిలబడింది.

"అక్కా, ఆదివారం వానా, సోమవారం వానా కవలపిల్లలా?"

బ్రష్షు ఆగింది.

"రెండేళ్ళలో ఎక్కడ చూసినా రెండూ సమానం. పన్నెండూ పన్నెండు. నాలుగున్నరా నాలుగున్నర. మిగతా రోజులు అలా లేవు."

ఆమె చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. ఆఖరికి చెప్పింది. ఆదివారం బడి గేటుకి తాళం వేస్తారు, వాచ్‌మన్ ఉండడు. సెలవుల్లో అతను తలుపు తీస్తాడు గానీ ఆదివారం అతనూ మనిషే. సోమవారం పొద్దున సీసాలో రెండు రోజుల నీళ్ళుంటాయి. ఖాళీ ఉండకూడదన్నారు మాస్టారు. అందుకని సగం ఆదివారానికి, సగం సోమవారానికి పంచేది. చిన్నప్పుడు ఇంట్లో ఏదున్నా తనకీ చెల్లెలికీ అలాగే పంచేది. అందులో తప్పేముందో ఆమెకి ఎన్నడూ తోచలేదు. వానల మేడం ఖాళీలెన్ని అనడిగేదాకా.

పిల్ల రిజిస్టరు మూసింది. కుళాయి చుక్కలు పడుతున్నాయి.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నీకూ, నాకూ."

"అయితే చెప్పొద్దక్కా." పిల్ల తొట్టి దగ్గరికొచ్చింది. "చెబితే రిజిస్టర్లు పనికిరావంటారు. అవి పనికిరావంటే నన్నూ వద్దంటారు. గడువింక ఆరు రోజులే ఉంది. మళ్ళీ గేట్ల దగ్గర నిలబడాలా?"

ల్యాబ్ అక్కకి మోకాళ్ళు గుర్తొచ్చాయి. మూడు మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి, నాలుగు మడతల కరపత్రం గుర్తొచ్చింది. "సరేలే," అంది. వాదించే ఓపిక కూడా లేదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి చెల్లెలు కుట్టుమిషన్ దగ్గర ఉంది. ఇద్దరూ ఉండేది రెండు గదుల ఇల్లు, బడి వెనక సందులో.

"రేపు కూడా ఊరేగింపేనా? ఆ డబ్బా మెళ్ళో ఓ దండ వేసి పెళ్ళి చేసేసుకోవే, అందరికీ గొడవ వదులుతుంది," అంది చెల్లెలు సూదిలో దారం ఎక్కిస్తూ.

"దానికి మాట్లాడటం రాదు. నీకంటే అదే నయం."

చెల్లెలు కిసుక్కున నవ్వి, దారం మళ్ళీ తెగడంతో విసుక్కుంది. "ఎంతైనా పాత మిషన్ పాత మిషనే. ఆ ఆదివారం నీళ్ళలో మునిగిపోయుండకపోతేనా, ఇంకో ఇరవై ఏళ్ళు వచ్చేది."

ఆ ఆదివారం. ఎనిమిదేళ్ళైంది. మధ్యాహ్నం భోజనాలవేళ మొదలై చీకటి పడకముందే ఆగిన వాన. అంతలోనే సందు సందంతా మోకాళ్ళ లోతు మునిగింది. ఇద్దరూ మిషన్‌ని మంచం మీదికి ఎత్తబోయారు, చేతుల్లోంచి జారింది. ఆ రాత్రి గిన్నెలతో నీళ్ళు తోడుతూ, రేపు పొద్దున డబ్బా చూడాలి అనుకోవడం ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఈ బుధవారం రాత్రి ఆమె కంచం ముందు కాసేపు కూర్చుని లేచింది.

గురువారం ఏడు రిజిస్టర్లూ రెండు సంచుల్లో మోసుకెళ్ళారు. వానల మేడం ఒక్కొక్కటే తెరిచింది. పేజీలు తిప్పుతుంటే ఆ గట్టి ముఖం మెత్తబడింది. "ఇంత శుభ్రంగా మా ఆఫీసులో కూడా రాయరు," అంది. పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. అచ్చు వేసిన ఉత్తరం బల్ల మీద ఉంది. సంతకం చెయ్యడమే తరువాయి.

మేడం నాలుగో రిజిస్టరులో ఒకచోట వేలు పెట్టి ఆగింది.

"ఇది మాత్రం వింతగా ఉంది. ఈ ఆదివారం మీ సందుల్లో మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చాయని మా దగ్గర ఫిర్యాదులు కట్టలకొద్దీ ఉన్నాయి. మీరేమో అరవై ఒకటి, మర్నాడు అరవై ఒకటి అని రాశారు. అరవై ఒకటికి మోకాళ్ళ లోతు రాదే! జనం కాస్త ఎక్కువ చేసి చెప్పుంటారు." పెన్సిలుతో పక్కన ఏదో రాయబోయింది.

"ఎక్కువ చేసి చెప్పలేదండీ."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ల్యాబ్ అక్కకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. పక్కన పిల్ల చెయ్యి ఆమె కొంగు పట్టుకుని గుంజింది.

"ఆ నీళ్ళలో నేను నిలబడ్డానండీ. అరవై ఒకటి కాదది. నూట ఇరవై రెండు. జాడీ ఇరవైది. సోమవారం పొద్దున ఆరుసార్లు నిండా పోశాను, ఏడోసారి రెండు గీతల దాకా వచ్చింది. నేనే రెండు ముక్కలు చేసి రాశాను."

కొంగు గుంజుతున్న చెయ్యి వదిలేసింది.

మేడం పెన్సిలు కింద పెట్టింది. "ఈ ఒక్క ఆదివారమేనా?"

"అన్నీ."

"పంతొమ్మిదేళ్ళ ఆదివారాలూనా?"

"అన్నీ అండీ."

"అయ్యో రామా! ఖాళీగా వదిలేస్తే సరిపోయేది కదమ్మా!" మేడం గొంతు పెద్దదైంది. గుమ్మం దగ్గర అటెండరు తొంగి చూశాడు.

"ఖాళీ ఉండకూడదన్నారు, మా మాస్టారు."

మేడం గొంతు తగ్గించింది. "ఆయన రోజూ చూడమన్నారమ్మా. చూడని రోజు నింపమనలేదు."

ల్యాబ్ అక్కకి తొంభై నాలుగు మెట్లు ఒక్కసారి ఎక్కినట్టైంది. ఉత్తరం బల్ల మీద అలాగే ఉంది. మేడం దాన్ని తీసి సొరుగులో పెట్టింది. "రిజిస్టర్లు ఇక్కడే వదిలి వెళ్ళండి. నేను చూసి చెబుతాను," అంది. చూసి చెబుతాననే మాట ఎన్ని గేట్ల దగ్గర విన్నారో ఇద్దరికీ తెలుసు.

బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాలుగు స్టాపులు దాటాక అంది, "చెప్పొద్దన్నా కదక్కా."

"అన్నావు."

"సరే అన్నావు కదా."

"అన్నాను."

ఇంకో స్టాపు దాటింది. ల్యాబ్ అక్క ఖాళీ సంచీలు ఒడిలో మడత పెట్టుకుంది. "ఆ రోజు నీకెన్నేళ్ళే? ఏడుంటాయా? నీళ్ళొచ్చినప్పుడు ఎక్కడున్నావు?"

"మా నాన్న భుజాల మీద."

"అరవై ఒకటి వానకి భుజాల మీద ఎక్కించుకుంటాడా మీ నాన్న? మీ వీధి సంగతి తెలుసుకోవాలని కదా పోయావు. నా అంకెలు పట్టుకుని కూర్చుంటే, మీ వీధివాళ్ళంతా అబద్ధాలకోరులని తేలేది. అది నీ చేత్తోనే రాసేదానివి."

పిల్ల కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. దిగేటప్పుడు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

శుక్రవారం, శనివారం బీరువాలో ఆ అర బోసిగా కనపడింది. ఆమె విడి కాగితం మీద గడులు గీసి వాన రాసింది. సైన్సు మేడం మళ్ళీ పది మెయిళ్ళు పెట్టింది. ఈసారి కంప్యూటరు కూడా పలకలేదు. ఆదివారం పొద్దుటి నుంచి వాన. ల్యాబ్ అక్క మోకాళ్ళకి నూనె రాసుకుని, మంచం మీద పడుకుని, రేకు మీద చప్పుడు వింటూ గడిపింది.

సోమవారం మెట్లెక్కింది. సీసాలో ముప్పై నాలుగుంది. అలవాటైన చెయ్యి పదిహేడు అని మొదలుపెట్టబోయింది. ఆగింది. డబ్బా పక్కన తడి ఇటుక మీద కూర్చుంది. ఆదివారం గడిలో "చూడలేదు" అని రాసింది. సోమవారం గడిలో "ముప్పై నాలుగు, రెండు రోజులది" అని రాసింది. ఆ ఒక్క మాట రాయడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. పైగా ఇప్పుడు చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

మంగళవారం గడువు. ఆ పొద్దున పది గంటలకి నీళ్ళ ఆఫీసు అటెండరు తడిసిన చొక్కాతో బడికొచ్చి, ఒక కవరు హెడ్మాస్టరు చేతిలో పెట్టాడు. సైన్సు మేడం చదువుతూనే పరుగెత్తుకొచ్చింది.

"తీసుకుంటారట అక్కా! ఆరు వారాలు!"

ఉత్తరంలో పని కూడా రాసుంది. పంతొమ్మిదేళ్ళ రిజిస్టర్లలో ప్రతి ఆదివారాన్నీ తీసేసి, సోమవారంతో కలిపి రెండు రోజుల వానగా తిరగరాయాలి. ఆ తర్వాతే వీధి సంగతి. దగ్గర దగ్గర వెయ్యి ఆదివారాలు. కింద ఇంకో వాక్యముంది. కొలిచిన మనిషి తను ఏ రోజు ఎలా కొలిచిందో, ఏ రోజు కొలవలేదో తన మాటల్లో ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి పంపాలి. అది చెప్పే మనిషి ఉన్నందువల్లే ఈ రిజిస్టర్లు తీసుకుంటున్నామని వానల మేడం చేత్తో రాసింది.

ల్యాబ్ అక్క ఆ కాగితం రాయడానికి మధ్యాహ్నమంతా కూర్చుంది. పరీక్ష రాస్తున్నట్టు మూడుసార్లు చింపి, నాలుగోసారి రాసింది. దరఖాస్తు సాయంత్రం వెళ్ళింది.

పిల్ల సెలవుల్లో రోజూ నీళ్ళ ఆఫీసుకి వెళ్ళింది. మొదటి వారం తర్వాత ఒకరోజు ల్యాబు గుమ్మంలో కనపడింది. లోపలికి రాలేదు.

"అక్కా, నీ ఏడులూ ఒకట్లూ ఒక్కలాగే ఉన్నాయి. నా కళ్ళు పోతున్నాయి."

"పోవడానికి నీకు రెండు జతలున్నాయిగా," అంది ల్యాబ్ అక్క.

పిల్ల నవ్వలేదు గానీ పెదవి కొస కదిలింది. వెళ్ళిపోయింది. ఆ రోజు బస్సులోలా గలగలా మాట్లాడటానికి ఇంకా టైం పడుతుందని ల్యాబ్ అక్కకి తెలిసింది. పట్టకుండానూ పోవచ్చు.

ఆరు వారాలయ్యాక పిల్ల తిరగరాసిన కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్ద బడి నుంచి కబురింకా రాలేదు. ల్యాబ్ అక్క తడి చేతులు తుడుచుకుని పేజీలు తిప్పింది. ఏడు వరసలకొకసారి, ప్రతి ఆదివారం ఎదురుగా ఒకటే మాట. చూడలేదు, చూడలేదు, చూడలేదు. వెయ్యిసార్లు. ఆ ఆదివారాల్లో తను ఏం చేసిందో గుర్తు తెచ్చుకోబోయింది. బట్టలుతికింది. అమ్మ ఉన్నన్నాళ్ళు అమ్మకి నీళ్ళు పోసింది. నిద్రపోయింది. రెండు మూడు తప్ప మిగతావి గుర్తు రాలేదు.

హెడ్మాస్టరు వచ్చి భుజం మీదుగా చూశారు. ఇప్పుడాయనకి ఆ డబ్బా అంటే మహా గౌరవం. "ఇకనించి ఆదివారం తాళం కూడా నీకే ఇస్తానక్కా. ఒక్క రోజు కూడా పోనివ్వొద్దు. ఏమంటావ్?"

ఆమె కాగితాలు సర్ది కట్ట కట్టింది.

"వద్దు సార్," అంది. "ఆదివారం గడి అలాగే ఉండనివ్వండి."